విరేచనాల బిడ్డకు సెలైన్ కన్నా ముందు ఓఆర్ఎస్

చంటిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకోగానే మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలామంది తల్లులు పాలూ నీళ్లూ ఆపేస్తారు. తర్వాత ఆసుపత్రికి తెచ్చి, "సిస్టరమ్మా, ఒక సెలైన్ ఎక్కించండి" అంటారు. ఈ వరుస మారాలని మా అభిప్రాయం.

పసిపిల్లల తీవ్ర విరేచనాలకు రోటావైరస్ ఒక ముఖ్య కారణం. ఇది చిన్నప్రేగు కణాల్లో చేరి ఎన్‌ఎస్‌పీ4 అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. ఇది విషంలా పనిచేస్తుందని 1996లో అమెరికా శాస్త్రవేత్తలు తెలిపారు. మామూలుగా కణం తన కాల్షియాన్ని లోపలి అరల్లో దాచుకుంటుంది. వైరస్ ప్రొటీన్ ఆ అరలకు చిల్లు పెడుతుంది. కాల్షియం పొంగగానే క్లోరైడ్ ప్రేగులోకి కారిపోతుంది. దాని వెంట సోడియం, సోడియం వెంట నీరు పోతాయి. కనుక బయటకు పోయేది బిడ్డ తాగిన నీళ్లు మాత్రమే కాదు, ఒంట్లోని నీరూ ఉప్పూ కూడా. తాగించడం మానితే విరేచనం ఆగదు, బిడ్డ ఎండిపోతుంది.

అయితే గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వచ్చే దారిని వైరస్ పూర్తిగా మూయలేదు. ఓఆర్ఎస్ ఆ దారినే వస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే ఎందరినో బతికించారు.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయవద్దు, వెంటనే తీసుకురండి. అప్పుడు సెలైన్ అవసరమో కాదో డాక్టరు గారు చూస్తారు. మిగిలిన బిడ్డలకు ఇంట్లోనే మొదలుపెట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు. జింకు మాత్రలు చెప్పినన్ని రోజులూ వేయండి. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు.

అన్నిటికన్నా మేలు ముందే కాపాడుకోవడం. ఢిల్లీలో ఒక పసికందు నుండి సేకరించిన వైరస్‌తో మన హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకాను 2016లో దేశంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రోటా టీకా 6, 10, 14 వారాలకు ఉచితంగా నోట్లో వేస్తారు. మూడు మోతాదులూ పడ్డాయో లేదో ఈరోజే మీ బిడ్డ కార్డు చూడండి. ఇంట్లో రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి.