పోటీ ముగిసిన మరునాడు

సాయంకాలం ఐదు గంటల వేళ విజయవాడ బెంజ్ సర్కిల్ వద్ద పది నిమిషాలు నిలబడి చూస్తే నగరజీవనం మన కన్నుల ముందు కదలాడుతుంది. చెన్నై నుండి కోల్‌కతాకు సాగే జాతీయ రహదారి, నగరం నడిబొడ్డు నుండి మచిలీపట్నం వైపు పోయే బందరు రోడ్డు ఇక్కడ కలుసుకొంటాయి. ఆటోనగర్‌కు వెళ్లే లారీలు, కనకదుర్గ వారధి దాటి గుంటూరుకు పోయే బస్సులు, కళాశాలలు విడిచి ఇళ్లకు మరలే విద్యార్థులు అందరూ ఈ కూడలికి రావలసినవారే. 2020లో ఇక్కడ మొదటి పైవంతెన ప్రారంభమయింది. తరువాత రెండవది కూడా వచ్చింది. దూరప్రయాణం చేసే వాహనాలు పైనుండి సాగిపోతున్నాయి. చేతిసంచితో రోడ్డు దాటదలచిన వృద్ధురాలు మాత్రం వంతెన నీడలో నిలబడి, వాహనాల నడుమ కాస్త సందు దొరుకుతుందేమోనని ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆమె కోసం సాంకేతిక విజ్ఞానం ఏమి చేయగలదు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకే ప్రయత్నాలలో పౌర హ్యాకథాన్ ఒకటి.

హ్యాకథాన్ అనేది హ్యాక్, మారథాన్ అనే రెండు ఆంగ్లపదాల కలయిక. 1999లో కంప్యూటరు నిపుణుల నడుమ వాడుకలోకి వచ్చిన మాట ఇది. హ్యాకింగ్ అనగానే మనకు సమాచారచౌర్యం స్ఫురిస్తుంది. ఇక్కడ మాత్రం ఆ పదానికి చిక్కుముడిని నేర్పుగా విప్పే కిటుకు అని అర్థం. యువతీయువకులు జట్లుగా ఒకచోట చేరి, ఒకటి రెండు రోజులు నిద్రాహారాలను లెక్కచేయక, ఇచ్చిన సమస్యకు ఒక నమూనా పరిష్కారాన్ని రూపొందిస్తారు. న్యాయనిర్ణేతలు వాటిని పరిశీలించి బహుమతులు ప్రకటిస్తారు. ఆ సమస్య రవాణా, పారిశుద్ధ్యం, విపత్తుల నివారణ, ప్రభుత్వసేవలు వంటి ప్రజావసరాలకు సంబంధించినదైతే అది పౌర హ్యాకథాన్ అవుతుంది.

మన దేశంలో 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ ప్రారంభమయింది. కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వశాఖలు తమకు ఎదురవుతున్న చిక్కులను ముందుంచగా, దేశం నలుమూలల నుండి ఇంజనీరింగు విద్యార్థులు వాటికి పరిష్కారాలు వెదికారు. 2024 అక్టోబరులో మంగళగిరిలో జరిగిన అమరావతి డ్రోన్ సదస్సులో భాగంగా ఒక హ్యాకథాన్ నిర్వహించారు. ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయం గడప తొక్కడానికే జంకిన సామాన్యుని బిడ్డ, నేడు ప్రభుత్వానికే సలహా చెప్పగల స్థితికి రావడం సంతోషదాయకం. ఇందుకు వేరే వాదన అక్కరలేదు.

అయితే నాకు ఒక సందేహం ఉన్నది. బహుమతి ప్రదానం నాడు చప్పట్ల నడుమ మెరిసిన నమూనా ఆరు మాసాల తరువాత ఎక్కడ ఉంటుంది? దానిని ఎవరు నడుపుతారు? చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? హ్యాకథాన్ విలువను పోటీ జరిగిన రెండు రోజులను బట్టి గాక, పోటీ ముగిసిన మరునాటి నుండి జరిగే పనిని బట్టి కొలవాలని నా అభిప్రాయం.

ఈ విషయంలో అమెరికా రాజధాని వాషింగ్టన్ అనుభవం గమనింపదగినది. అక్కడి నగర ప్రభుత్వం 2008లో తనవద్ద ఉన్న సమాచారాన్ని ప్రజలకు తెరచి, ‘యాప్స్ ఫర్ డెమోక్రసీ’ పేరిట ఒక పోటీ నిర్వహించింది. 50 వేల డాలర్ల వ్యయంతో 30 రోజులలో 47 అనువర్తనాలు తయారయ్యాయి. ఎన్నో నగరాలు ఆ బాట పట్టాయి. కాని 2010లో అదే నగర సాంకేతిక విభాగం ఆ పోటీకి స్వస్తి చెప్పింది. తయారైన వాటిలో అనేకం స్మార్ట్‌ఫోన్ గలవారికే ఉపయోగపడ్డాయనీ, ప్రభుత్వసేవలు నిత్యం అవసరమయ్యే సామాన్యులకు చేరలేదనీ ఆ విభాగాధిపతి వివరించాడు. సంఖ్య ఘనమైనంత మాత్రాన ప్రయోజనం ఘనం కాదని దీనివలన తెలుస్తున్నది.

దీనికి భిన్నమైన దృష్టాంతం మన విజయవాడలోనే ఉన్నది. 1998లో విజయవాడ నగరపాలక సంస్థ ‘వాయిస్’ అనే కంప్యూటరు వ్యవస్థను ప్రవేశపెట్టింది. నగరంలో ఏర్పాటుచేసిన ఐదు కేంద్రాల ద్వారా జనన మరణ ధ్రువపత్రాలు, భవన నిర్మాణ అనుమతులు, ఆస్తిపన్ను, నీటిపన్ను చెల్లింపులు వంటి సేవలను అందించింది. ఇంట్లో కంప్యూటరు ఉండటమే అరుదైన ఆ రోజులలో, పౌరుని చేతిలో ఏ యంత్రమూ లేకపోయినా సేవ అందేటట్లు దానిని రూపొందించారు. కేంద్రంలో ఒక ఉద్యోగి కూర్చొనేవాడు. పౌరుడు నోటితో అడిగితే చాలు. తరువాత 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలు ఆరంభమయ్యాయి. సాధనాలు మారినా, సేవ వెనుక బాధ్యత వహించే కార్యాలయం ఒకటి ఉండాలన్న సూత్రం మారలేదు.

ఆ బాధ్యత ఎంత బరువైనదో 2024 వరదలు మనకు నేర్పాయి. ఆ సంవత్సరం ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వర్షాలకు బుడమేరు పొంగింది. మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్‌నగర్ మొదలైన ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం సముద్రం వైపు సాగింది. పడవలు చేరలేని సందులలోని మేడల మీదికి డ్రోన్ల సాయంతో ఆహారపు పొట్లాలను చేరవేశారు. అటువంటి వేళ ఏ వీధిలో నీరు ఎంత లోతున ఉన్నదో, ఏ ఇంట మంచం దిగలేని రోగి ఉన్నాడో, ఏ మేడపై పసిబిడ్డకు పాలు లేవో తెలిపే వ్యవస్థ ఎంతటి మేలు చేయగలదో ఊహించవచ్చు. ఎవరూ పట్టించుకోక మూలపడిన అనువర్తనాన్ని నమ్మి, నీటి నడుమ నుండి ఒక తల్లి సందేశం పంపితే? సమాధానం రాదు. సహాయం వస్తున్నదనుకొని ఆమె వేరొక దారి వెదకడం మానివేస్తుంది. లేని సేవకంటె పలకని సేవ ఎక్కువ హాని చేస్తుంది. 

కృష్ణా డెల్టా వాసులకు ఈ సత్యం కొత్తది కాదు. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానాన్ని ప్రకాశం బ్యారేజి ఆక్రమించింది. వాటిని కట్టినవారి కీర్తి నిలిచి ఉన్నది. కాని డెల్టా పొలాలు పండటానికి ఆ కట్టడాలు మాత్రమే చాలలేదు. వేసవిలో పూడిక తీసినవారు, గట్లు బలపరచినవారు, తలుపులు ఎత్తి దించిన లస్కర్లు లేకపోతే ఏలూరు కాలువ గాని బందరు కాలువ గాని చివరి చేనుదాకా నీరు అందించలేదు. కాలువ తవ్వడం ఒకనాటి పని. పూడిక తీయడం ఏటేటా పని. కంప్యూటరుతో నిర్మించిన వ్యవస్థకూ ఇదే ధర్మం వర్తిస్తుంది.

పౌరులే ఆ పూడిక తీసే పనిలో భాగం పంచుకొన్న ఉదాహరణ కూడా ఉన్నది. అమెరికాలోని బోస్టన్ నగరంలో అగ్నిమాపక దళం వాడే నీటి కుళాయిలు శీతకాలంలో మంచు క్రింద పూడుకొనిపోతాయి. 2011లో కొందరు యువ నిపుణులు ఒక చిన్న అనువర్తనాన్ని తయారుచేశారు. ప్రతి పౌరుడు తన ఇంటి దగ్గరి కుళాయిని దత్తత తీసుకొని, మంచు కురిసినపుడు దానిని శుభ్రం చేయడానికి మాట ఇచ్చే ఏర్పాటు అది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం అదే ఆలోచనను వాననీటి కాలువల జాలీలకు అన్వయించుకొన్నది. మన వీధిలో వాననీరు పోయే దారికి అడ్డుపడిన చెత్తను తొలగించే బాధ్యతను మనమే ఒక్కొక్కరం స్వీకరించడానికి అభ్యంతరమేమున్నది?

రెండు రోజుల పోటీ నుండి ఇంత ఆశించడం న్యాయమా అని కొందరు అడుగవచ్చు. విద్యార్థులకు పరీక్షలు ఉంటాయి, ఉద్యోగాల వేట ఉంటుంది. వారు ఏళ్ల తరబడి ఒక అనువర్తనాన్ని కాపాడలేరు. ఈ మాట నిజమే. పోటీలో నేర్చుకొన్న విద్య వ్యర్థం కాదన్నదీ నిజమే. అటువంటప్పుడు దానిని విద్యాభ్యాసమనే పిలుద్దాము. ప్రజలకు సేవ లభించిందని ప్రకటించవద్దు. సేవ అని ప్రకటించదలిస్తే మూడు నియమాలు పాటించాలి. మొదటిది, సమస్యను వీధిలో నడిచి, బాధపడేవారిని అడిగి తెలుసుకోవాలి. రెండవది, అందుకు కావలసిన సమాచారాన్ని ప్రభుత్వశాఖలు దాచకుండా ఇవ్వాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం అడిగే హక్కును ఇచ్చింది. 2012లో కేంద్రం ప్రభుత్వ గణాంకాల కోసం ఒక బహిరంగ వేదికను నెలకొల్పింది. బస్సుల వేళలు, మురుగు కాలువల పటాలు అడుగకుండానే అందరికీ అందాలి. మూడవది, మెచ్చుకొన్న నమూనాను స్వీకరించే శాఖ, దాని పోషణకు నిధులు, జవాబుదారీగా ఒక అధికారి బహుమతి ప్రదానం నాటికే నిర్ణయం కావాలి.

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు ఉద్యోగులవుతారు, అందరూ పౌరులే. పోటీలో పాల్గొనే అవకాశం వస్తే తప్పక పాల్గొనండి. అయితే కంప్యూటరు ముందు కూర్చొనడానికి ముందు బెంజ్ సర్కిల్ వంటి కూడలికి ఒకసారి వెళ్లండి. రోడ్డు దాటలేక నిలబడిన ఆ వృద్ధురాలితో పాటు నడిచి దాటండి. ఆమెకు ఎన్ని క్షణాల సమయం కావలసివచ్చిందో లెక్కించండి. ఆ లెక్కను పోటీకి తీసుకొనివెళ్లండి. పోటీ ముగిశాక, బహుమతి వచ్చినా రాకపోయినా, మరల ఆ కూడలికి వెళ్లి ఆమె నిరీక్షణ తగ్గినదో లేదో చూడండి.