పాపం చెట్టు అనే ముందు

మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి మా ఇంటికి పదిహేనుమంది వచ్చారు. హ్యూస్టన్ ఎండ సంగతి మీకు తెలిసిందే. కాళ్లకు పసుపు రాయించుకుని, శనగలు జిప్‌లాక్ కవర్లలో పోయించుకుని, వెనక వరండాలోకి వెళ్లి నా తొట్టెలో చెట్టు చూశారు. సగంమంది అన్నమాట ఒకటే: "అయ్యో పాపం, దాన్నెందుకండీ అలా హింసపెడతారు?" ఒకావిడ ఇంకో అడుగు ముందుకేసి, "బి.ఏ. తెలుగు చదివారు కదా, ఛాయాదేవి గారి కథ చదవలేదా? మన బతుకులే బోన్సాయ్ బతుకులు, మళ్లీ మీరింకోటి తయారుచేస్తున్నారా?" అంది. అప్పుడు నా చేతిలో తాంబూలం పళ్లెం ఉంది. పేరంటాలితో వాదించకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు పళ్లెం లేదు.

ముందు ఆ చెట్టేమిటో చెప్పాలి. పేరు బాల్డ్ సైప్రస్. లూసియానా, ఫ్లోరిడా, తూర్పు టెక్సాస్ చిత్తడి నేలల్లో నీళ్లలోనే నిలబడి పెరుగుతుంది. లూసియానాకు రాష్ట్ర వృక్షం కూడా. సూదుల్లాంటి ఆకులుండే చెట్లు చాలావరకు ఏడాదంతా పచ్చగా ఉంటాయి. ఇది మాత్రం చలి రాగానే ఇటుకరంగుకు తిరిగి మొత్తం రాల్చేస్తుంది. అందుకే 'బాల్డ్'. వీడియో కాల్‌లో మా అత్తయ్యకు చూపించి పేరుకి అర్థం చెబితే "బోడి చెట్టా!" అని, వెంటనే నాలిక కరుచుకున్నారు. వాళ్ల మేనత్తగారు చిన్న వయసులోనే తల తీయించుకుని, వంటింటి వెనక గదిలో జీవితమంతా గడిపారట. ఆ మాట మన ఇళ్లలో ఊరికే పుట్టలేదు.

ఇది నేను అడవిలోంచి దొంగతనంగా పీక్కొచ్చింది కాదు. అలా తెచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లను మీకంటే ఎక్కువ తిడతాను. ప్రభుత్వ వనాల్లోంచి అనుమతి లేకుండా చెట్టు తవ్వకూడదు, ఒకరి నేలలోదైతే వాళ్లను అడగాలి. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయనకు బోమాంట్ వైపు కొంత పొలం ఉంది. కాలువ పూడిక తీయడానికి మెషిన్ వస్తోందనీ, గట్టు మీద మొలిచిన సైప్రస్‌లన్నీ పోతాయనీ, కావాలంటే ఒకటి పట్టుకెళ్లమనీ అన్నారు. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, మొగ్గలు కదలకముందే వెళ్లాం. పన్నెండడుగుల చెట్టు. రెండున్నర అడుగులు ఉంచి పైదంతా రంపంతో నేనే కోశాను. పక్కలకు పాకిన వేళ్లూ కోశాను. మొదట్లో ఏనుగు పాదంలా వెడల్పైన ఆ మొదలు తప్ప ఏమీ మిగల్లేదు. నాకూ చెయ్యి వణికింది.

సిమెంటు కలుపుకునే నల్ల ప్లాస్టిక్ తొట్టె ఒకటి కొని అందులో పెట్టి, నీళ్లు నిలవగట్టాను. ఇంచుమించు రెండు నెలలు అది మొద్దే. మావారు రోజూ కాఫీ కప్పుతో వచ్చి "దినం ఎప్పుడు?" అని అడిగేవారు. ఏప్రిల్‌లో ఒక ఉదయం బెరడు చీల్చుకుని పచ్చటి చుక్కలు కనబడ్డాయి. ఒకటీ రెండూ కాదు, కోసిన అంచు దగ్గర్నుంచి కింది దాకా. మొదటి ఏడాది అందులో ఒక్క చిగురూ తుంచకూడదు, ఎంత పొడుగైతే అంత సాగనివ్వాలి. అది ఊపిరి పీల్చుకునే ఏడాది. తర్వాతే ఏ కొమ్మ ఉండాలి, ఏది పోవాలి అని చూడటం. పైకొమ్మ బలంగా పోతుంది, కింది కొమ్మలు ఎండిపోతాయి. ఇది ఈ చెట్టు స్వభావం. అందుకే పైన తుంచుతూ కింద వదలాలి. ఆసరాగా ఒక కొమ్మను నిలువుగా బొటనవేలంత లావయ్యేదాకా ఎదగనిచ్చి, మళ్లీ ఏటవాలుగా కోయాలి. అప్పుడే కాండం కింద లావు, పైకి సన్నం అవుతుంది.

ఇంత ఎందుకంటే, చిత్తడిలో ముసలి సైప్రస్ ఎలా ఉంటుందో ఇది అలా కనబడాలని. కుర్రచెట్టు గోపురంలా ఉంటుంది. పిడుగులూ తుఫాన్లూ తిని బతికిన చెట్టుకు తల బల్లపరుపుగా అయిపోతుంది. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన వాన్ బాంటింగ్ అనే ఆయన ఆ ఆకారాన్నే తొట్టెలోకి తెచ్చి ఒక పద్ధతిగా నిలబెట్టారు. ఉత్తర కరొలినాలో బ్లాక్ నది చిత్తడిలో ఒక సైప్రస్ వయసు కనీసం 2,624 ఏళ్లని 2019లో లెక్కతేల్చారు.

ఇప్పుడు హింస సంగతి. ఆ పదిహేనుమందిలో కరివేపాకు కుండీ లేని ఇల్లు ఒక్కటి చెప్పండి. మన పెరట్లో ఇంటి చూరు దాటే చెట్టును పూలకుండీలో కుదించి, గుబురుగా రావాలని తల తుంచి, వేళ్లు చుట్టుకుపోతే కత్తిరించి, చలికాలం గ్యారేజీలో దీపం కింద పెట్టి, వారం వారం ఆకు దూసి పోపులో వేస్తున్నాం. దాన్ని ఎవరూ పాపం అనలేదు. ఫిబ్రవరి వస్తే మన వీధుల్లో క్రేప్ మిర్టిల్ చెట్లన్నిటినీ మోడు చేసి వదులుతారు, దానికీ అయ్యో లేదు. అన్నిటికంటే నన్ను మండించేది మరొకటి. వసంతంలో పూలమడుల్లో పరచడానికి మనం కొనే మల్చ్ బస్తాల మీద చదవండి. చాలావాటి మీద సైప్రస్ అనే ఉంటుంది. చిత్తడిలో చెట్లను నిలువునా నరికి పొట్టు చేసి అమ్ముతున్నారని లూసియానాలో ఏళ్ల తరబడి గొడవ జరిగింది. మెషిన్ కింద పోవలసిన ఒక్క చెట్టును బతికించిన నేను హింసకురాలిని, నాలుగు బస్తాల సైప్రస్‌ను గులాబీల కింద పరిచినావిడ జాలిగుండె మనిషా?

ఛాయాదేవి గారి 'బోన్‌సాయ్ బ్రతుకు' నాకు ప్రాణం. అక్కాచెల్లెళ్ల మధ్య నడిచే ఆ కథ, ఆడపిల్లను ఒకలా, మగపిల్లవాణ్ణి ఒకలా పెంచే మన మీద రాసింది. బి.ఏ. గుర్తుచేశారు కాబట్టి చెబుతున్నాను: అక్కడ చెట్టు ఉపమానం, ఆడపిల్ల ఉపమేయం. ఉపమేయాన్ని వదిలేసి ఉపమానం మీద కన్నీళ్లు పెట్టుకోవడం ఏ అలంకారశాస్త్రంలో ఉంది?

ఎందుకంటున్నానంటే, ఆ కథ గుర్తుచేసినావిడే వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఇంకో మాట అంది. మా అమ్మాయికి పదిహేడేళ్లు. వేరే రాష్ట్రంలో కాలేజీలకు దరఖాస్తు పెడుతోంది. "ఆడపిల్ల, అంతదూరం ఎందుకండీ? ఇక్కడే ఇంట్లోంచి వెళ్లేలా చూసుకోండి" అంది. అమ్మాయి వింది. నేను నవ్వి ఊరుకున్నాను. నా కోపంలో సగం ఆవిడ మీద కాదు, ఆ నవ్వు మీద. ఆ రాత్రి దూరం కాలేజీల ఖర్చు లెక్క వేస్తూ, 'ఇక్కడే చదివితే ఏం?' అని నాకూ అనిపించింది.

నేను 2005లో హెచ్-4 మీద వచ్చాను. 2015లో కొంతమందికి అనుమతి ఇచ్చేదాకా ఆ వీసా మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చేయకూడదు. పదేళ్లు నా కుండీ అది. అప్పుడు ఒక్కరూ పాపం అనలేదు, "హాయిగా ఇంట్లో ఉన్నావు" అన్నారు. మా అత్తయ్య మేనత్తను కత్తిరించినవాళ్లలో ఒక్కరైనా మర్నాడు వచ్చి చిగురేసిందా అని చూశారా? నేను చూస్తాను. ఎండాకాలం రోజూ రెండుసార్లు నీళ్లు చూస్తాను.

నేనేమీ తప్పు చేయలేదని కాదు. కొమ్మలు వంచడానికి చుట్టిన తీగను నెలా నెలన్నరకే విప్పి చూడాలి, ఇది అంత జోరుగా లావెక్కుతుంది. పోయిన వేసవిలో ఇండియాలో అత్తయ్య కంటి ఆపరేషన్‌కు వెళ్లి రెండున్నర నెలలు ఉండిపోయాను. వచ్చేసరికి తీగ బెరడులోకి దిగబడింది. ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీశాను. ఎడమ కొమ్మ మీద మరచుట్టులాంటి మచ్చ ఇంకా ఉంది. దాని మీద ఎవరైనా నన్ను అడిగితే తల వంచుకుంటాను. పేరంటానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ దాన్ని చూడలేదు.

వచ్చే ఫిబ్రవరిలో పైకొమ్మ మళ్లీ కోయాలి. అమ్మాయి రంపం తనే పడతానంటోంది. ఆకు రాలినప్పట్నుంచీ అత్తయ్య ప్రతి ఆదివారం ఫోన్లో వాకబు చేస్తారు. బోడి అనడం మానేశారు. "దానికి జుట్టు వచ్చిందా?" అంటారు.