నాట్య శిక్షణాలయం తలుపులు తెరిచే ఉండాలి

గొలుగొండ వంటి మండల కేంద్రాల నుండి కూడా నేడు తల్లిదండ్రులు పిల్లలను నర్సీపట్నంలో కూచిపూడి తరగతులకో, సినిమా పాటల డాన్సు తరగతులకో పంపుతున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. సెల్‌ఫోను ముందు కూర్చునే పిల్లకంటె చెమటోడ్చి అడుగులు వేసే పిల్ల ఆరోగ్యంగా పెరుగుతుందని వైద్యునిగా చెప్పగలను. అయితే చేర్పించేటప్పుడు మనం అడిగేది ఫీజు ఎంత, వేదిక ఎప్పుడు ఎక్కిస్తారు అనే. పిల్ల ఏ గదిలో, ఎవరి కంటి ముందు నేర్చుకుంటుందో అడగము. మాస్టారిని అలా అడగడం అమర్యాద అనుకుంటాము. ఈ మొహమాటమే పిల్లలకు చేటు తెస్తున్నదని నా అభిప్రాయం.

పేరున్న చోట భయం లేదనుకోవడం సరికాదు. 1936లో రుక్మిణీదేవి అరుండేల్ స్థాపించిన చెన్నై కళాక్షేత్రంలో 2023 మార్చి నెలాఖరున విద్యార్థినులు లైంగిక వేధింపులు జరుగుతున్నాయంటూ ఆందోళనకు దిగారు. ఏప్రిల్‌లో ఒక అధ్యాపకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. 2024 సెప్టెంబరులో హైదరాబాదులో సినీ నృత్యదర్శకుడు జానీ మాస్టర్‌పై ఆయన వద్ద సహాయకురాలిగా పనిచేసిన యువతి ఫిర్యాదు చేశారు. ఆరోపించిన ఘటనలు మొదలైన నాటికి ఆమె మైనరు అన్న కారణంగా పోక్సో చట్టాన్ని కూడా చేర్చారు. ఆరోపణలను ఆయన ఖండించారు. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. నేను ఎవరినీ దోషి అనడం లేదు. అయితే ఈ రెండు సందర్భాల్లోనూ నోరు విప్పినవారు వయసు వచ్చినవారు. వారికే ఏళ్లు పట్టినప్పుడు, పదేళ్ల పిల్ల తనంతట తానే వచ్చి చెబుతుందని ఆశించడం న్యాయమా?

నాట్య శిక్షణలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. లెక్కల మాస్టారు పిల్లను తాకవలసిన అవసరం లేదు. నాట్యగురువు భుజం సరిచేయాలి, మోకాలు వంచి చూపాలి, నడుము నిలపాలి. ఏ స్పర్శ పాఠానికి సంబంధించినదో, ఏది కాదో పసివారికి తెలియదు. పైగా ముందు వరుసలో ఎవరు నిలబడాలో నిర్ణయించేది కూడా ఆ గురువే. ఎదురు చెబితే అవకాశం పోతుందన్న భయం పిల్లల నోరు నొక్కుతుంది. మగపిల్లలకు ఈ ప్రమాదం లేదనుకోవడం మరొక అపోహ. పోక్సో చట్టం 18 ఏళ్లలోపు బాలబాలికలందరికీ సమానంగా వర్తిస్తుంది.

చాలామందికి తెలియని నియమం ఒకటి ఉన్నది. 2020 పోక్సో నియమావళి ప్రకారం పాఠశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలే కాక, పిల్లలతో తరచు సంబంధముండే ఏ సంస్థ అయినా తన సిబ్బంది పూర్వచరిత్రను నిర్ణీత కాలవ్యవధిలో పోలీసుల ద్వారా తనిఖీ చేయించాలి. నాట్య శిక్షణాలయం దీనికి మినహాయింపు కాదు. కాబట్టి ఆ పత్రం చూపమని అడగడం అనుమానించడం కాదు, చట్టం చెప్పినదానిని గుర్తు చేయడమే.

పిల్లలను చేర్పించే ముందు తల్లిదండ్రులు ఈ అయిదు విషయాలు గమనించాలి:

1. తరగతి జరుగుతున్నంతసేపు తలుపు తెరిచి ఉండాలి. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా చూడనివ్వాలి.
2. ఒక్క పిల్లకు, ఒక్క గురువుకు మూసిన గదిలో ప్రత్యేక శిక్షణ వద్దు.
3. భంగిమ సరిచేసే ముందు పిల్లతో చెప్పి, అందరి ఎదుటే తాకాలి. తాను చేసి చూపితే సరిపోయే చోట తాకనే వద్దు.
4. దుస్తులు మార్చుకునే గది వేరుగా ఉండాలి. అక్కడికి ఫోను వెళ్లకూడదు.
5. గురువు పంపే సందేశాలు తల్లిదండ్రుల ఫోనుకే రావాలి. పోటీలకు పొరుగూరు వెళ్తే తల్లి గాని, తండ్రి గాని వెంట ఉండాలి.

ఇక వైద్యునిగా కొన్ని మాటలు. ఇష్టంగా వెళ్లే పిల్ల హఠాత్తుగా తరగతి మానేస్తాననడం, తరగతి ఉన్న రోజునే కడుపునొప్పి అనడం, మానిన పక్క తడపడం మళ్లీ మొదలుకావడం, నిద్రలో ఉలిక్కిపడడం వంటివి కనిపిస్తే బద్ధకమని గద్దించకండి. వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు, కనుక నెమ్మదిగా అడగండి. పిల్ల చెబితే మధ్యలో ఆపకుండా వినండి, "నీ తప్పేమీ లేదమ్మా" అని చెప్పండి. పదిమంది ముందు పదేపదే చెప్పించకండి. ఇటీవల దాడి జరిగినట్లు తెలిస్తే స్నానం చేయించక, బట్టలు ఉతకక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. పోలీసు కాగితం తెమ్మని ఏ ఆసుపత్రీ చికిత్స నిరాకరించకూడదు. ఒంటిపై గాయం కనబడనంత మాత్రాన పిల్ల అబద్ధం చెప్పినట్లు కాదు. ఇటువంటి కేసుల్లో అధికభాగం పరీక్షలో ఏ గుర్తూ దొరకదు.

ఊళ్లలో తరచు వినిపించే మాట, "పరువు పోతుంది, పెద్దమనుషుల్లో తేల్చుకుందాం" అన్నది. ఇది రాజీ చేసుకోదగిన తగాదా కాదు. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే శిక్షార్హం. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు శిక్ష ఉన్నది. 1098కు గాని, 112కు గాని ఫోను చేయవచ్చు. పిల్ల పేరు, ఊరు బయటపెట్టకుండా చట్టం కాపాడుతుంది. మనం కూడా వాట్సాప్‌లో ఆ వివరాలు పంపకూడదు.

ఇంత జాగ్రత్త మంచి గురువులను అవమానించడమే కదా అని కొందరు అడుగుతారు. ఆసుపత్రిలో ఆడవారిని పరీక్షించేటప్పుడు పక్కన నర్సమ్మ ఉండాలన్నది మా వృత్తి నియమం. దానిని మేము అవమానంగా భావించలేదు. అది రోగికీ రక్ష, వైద్యునికీ రక్ష. మన మన్యంలో థింసాను పిల్లలు ఊరి పెద్దల నడుమ, ఆరుబయటే చూసి నేర్చుకుంటారు. నలుగురి ఎదుట నేర్పినంత మాత్రాన విద్యకు గాని, గురువు గౌరవానికి గాని లోటు రాదు. ఈసారి ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు, "మాస్టారండీ, మేము కూర్చుని చూడవచ్చా?" అని అడగండి. మంచి గురువు కుర్చీ వేస్తాడు. కాదు, కూడదు అంటే, పిల్లను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేయండి.