మన తలుపులు మనమే తట్టి చూసుకుందాం



క్యాంపస్‌కు వచ్చినప్పుడు మీరు చాలా ప్రశ్నలు అడుగుతారు. బస్సుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా, మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారు, ల్యాబ్‌లో మంటలార్పే సిలిండర్ గడువు దాటిపోలేదు కదా అని. అడగడం మీ హక్కు, జవాబు చెప్పడం మా బాధ్యత. కానీ పేరెంట్స్ మీటింగుల్లో ఎప్పుడూ వినిపించని ప్రశ్న ఒకటుంది: "మన స్కూల్ కంప్యూటర్లలో భద్రతా లోపాలు ఉన్నాయేమోనని ఆఖరుసారి ఎప్పుడు వెతికారు?" ఇకపై ఈ ప్రశ్న కూడా అడగండి. అదే నా మనవి.

మీ బిడ్డ అడ్మిషన్ ఫారంలో ఏముంటుందో గుర్తు చేసుకోండి. పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, ఫోటో, ఇంటి అడ్రస్, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు, బస్సు ఎక్కే స్టాపు. ఒకప్పుడు ఆ కాగితం ఆఫీసు బీరువాలో ఉండేది, తాళంచెవి క్లర్కు దగ్గర ఉండేది. ఇప్పుడా వివరాలన్నీ నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఆఫీసు కంప్యూటర్, ఫీజు కౌంటర్, కంప్యూటర్ ల్యాబ్, సీసీ కెమెరాల రికార్డర్, వేలిముద్ర హాజరు మిషను, ప్రింటర్లు, స్మార్ట్ బోర్డులు... ఈ రోజుల్లో ఏ స్కూల్లో చూసినా ఇవన్నీ దాదాపు ఒకే తీగకు కట్టినట్టు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి బలహీనంగా ఉన్నా మిగతావాటికి దారి దొరికినట్టే.

నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక అడ్రస్ ఉంటుంది. ఒక్కో అడ్రస్‌కు 65,535 తలుపులు. వాటినే పోర్టులు అంటారు. స్కానర్ అనే ప్రోగ్రాం వాటిని తట్టి, ఏది పలికిందో రాసుకుంటుంది. పలికిన తలుపు వెనక ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఎంత పాతది అని చూసి, లోకానికి ఇప్పటికే తెలిసిన లోపాల జాబితాతో పోలుస్తుంది. సీవీఈ అనే ఆ జాబితా 1999 నుంచి ఉంది. చివరికి ఏ లోపం ఎంత ప్రమాదకరమో మార్కులు వేసి రిపోర్టు ఇస్తుంది. ఎన్‌మ్యాప్ అనే స్కానర్ 1997 నుంచి ఉచితంగా దొరుకుతోంది. మనకు దొరికేది దొంగకూ దొరుకుతుంది. మనం తట్టకపోతే వాడు తడతాడు, అంతే తేడా.

మన అనంతపురం వాళ్లకు ఈ సంగతి వేరేగా వివరించనక్కర్లేదు. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసిన నేల మనది. నీళ్లు పడని బోరును మూత వేయకుండా వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. 2010లో సుప్రీంకోర్టు వదిలేసిన బోర్లను నేలమట్టం దాకా పూడ్చాలని చెప్పింది. దాంతోపాటు, ఎన్ని బోర్లు వాడుకలో ఉన్నాయో, ఎన్ని నోరు తెరుచుకుని ఉన్నాయో జిల్లా స్థాయిలో లెక్క ఉంచాలని కూడా చెప్పింది. లెక్కే లేకపోతే దేనికి మూత వేయాలో ఎవరికి తెలుస్తుంది? స్కాన్ చేసే పని అదే, నెట్‌వర్క్‌లో మనం మరిచిపోయిన బోర్లను లెక్కపెట్టడం.

లెక్క పెట్టకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ విడుదల చేసింది. మే 12న వానాక్రై దాడి మొదలైంది. మధ్యలో 59 రోజుల గడువు ఉంది. ఆ వైరస్ చేసింది కూడా స్కానింగే. 445వ నంబరు పోర్టు తెరిచి ఉన్న కంప్యూటర్లను తనంతట తానే వెతుక్కుంటూ 150కి పైగా దేశాలకు పాకింది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం వంటి జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. ఆ 59 రోజుల్లో ఒక్కసారి స్కాన్ చేసి, దొరికినవాటికి ప్యాచ్ వేసుకున్న సంస్థలు నిశ్చింతగా ఉన్నాయి. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. వాటిలో మన జిల్లాకు కరెంటు ఇచ్చే ఏపీఎస్పీడీసీఎల్ కూడా ఉంది. కాబట్టి ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు.

ఇక కెమెరాలు. పిల్లల రక్షణ కోసమే వాటిని పెడతాం. కానీ బిగించినవాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చకపోతే, ఆ కెమెరా ఎవరి కోసం పనిచేస్తోందో చెప్పలేం. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రాం 60 దాకా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని లక్షల కెమెరాలనూ రికార్డర్లనూ వశం చేసుకుంది. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

మరి అన్ని సంస్థలూ స్కాన్ ఎందుకు చేయించవు? ఖర్చు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం భయం. రిపోర్టులో 40 లోపాలు కనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి, తల్లిదండ్రులు ఏమనుకుంటారు అన్న భయం. ఇక్కడే మీ సాయం కావాలి. రక్తపరీక్షలో షుగర్ తేలితే ల్యాబ్‌ను తిట్టం, మందు మొదలుపెడతాం. 40 లోపాలు కనుక్కుని 35 సరిచేసిన స్కూల్‌ను మెచ్చుకోండి. "మా దగ్గర ఒక్క లోపమూ లేదు" అన్నవాళ్లను మాత్రం, ఎప్పుడు వెతికారో అడగండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రతి టర్మ్‌లో ఒకసారి క్యాంపస్ నెట్‌వర్క్ మొత్తం స్కాన్ కావాలి. ఏడాదికోసారి సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న బయటి ఆడిటర్ చూడాలి. ఎన్ని లోపాలు దొరికాయి, ఎన్ని సరిచేశారు, మిగిలినవి ఎప్పటికి సరిచేస్తారు అనే మూడు అంకెలు ఈ పత్రికలోనే అచ్చు వేయాలి. ఏ లోపం ఏ కంప్యూటర్‌లో ఉందో మాత్రం అచ్చు వేయకూడదు. అది దొంగకు దారి చూపించడమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని అందులో ఉంది. జరిమానా భయంతో చేసేకన్నా పిల్లల మీద ప్రేమతో ముందే చేయడం మేలు.

స్కాన్ సర్వరోగ నివారిణి కాదు. అమెరికాలో వేల స్కూళ్లు వాడే పవర్‌స్కూల్ సాఫ్ట్‌వేర్‌లోకి 2024 డిసెంబర్‌లో దొంగలు చొరబడింది, దొంగిలించిన లాగిన్ వివరాలతో. తలుపు గట్టిదే, తాళంచెవి చేజారింది. అందుకే సిబ్బంది పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే రెండో కోడ్ కూడా తప్పనిసరి కావాలి.

మీ పిల్లల గురించి కూడా ఒక మాట. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వీడియోలు చూసి స్కానర్లు డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. ఆసక్తి మంచిదే. రేపు అదే వాళ్లకు ఉద్యోగం కావచ్చు. కానీ గీత ఎక్కడుందో మీరే చెప్పాలి. మన ఇంటి వైఫైని తట్టి చూడటం చదువు. అనుమతి లేకుండా పక్కింటిదో, స్కూల్‌దో తట్టడం తప్పు. మోసపు ఉద్దేశంతో లోపలికి వెళ్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మిరాయ్ తయారుచేసిన ముగ్గురూ ఇరవై ఏళ్ల ప్రాయపు కుర్రాళ్లే. వాళ్లలో ఒకరు తను చదివే యూనివర్సిటీ నెట్‌వర్క్ మీదే దాడి చేశాడు. అయితే మీ బాబో పాపో స్కూల్ యాప్‌లో అనుకోకుండా ఒక లోపం చూసి వచ్చి చెబితే, దయచేసి భయపెట్టకండి. టీచర్‌కు చెప్పమనండి. నిజం చెప్పిన పిల్లను శిక్షిస్తే, రెండోసారి ఎవరూ చెప్పరు. ఈ విషయంలో యాజమాన్యానికీ నా విన్నపం ఇదే.

ఇంట్లోనూ ఈ ఆదివారం ఒక అరగంట పెట్టండి. రూటర్ సెట్టింగ్స్ తెరిచి, ఏయే పరికరాలు కనెక్ట్ అయ్యాయో పిల్లలతో కలిసి చదవండి. గుర్తుపట్టలేనిది ఉంటే తీసేసి వైఫై పాస్‌వర్డ్ మార్చండి. రూటర్‌కు, కెమెరాకు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ఉంటే అది కూడా మార్చండి. కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిందని గమనించండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులతో పాటు ఆ మూడు అంకెలు కూడా అడగండి. మీరు అడిగితేనే ఆ లెక్క మొదలవుతుంది.

– కంప్యూటర్ సైన్స్ విభాగం, అనంతపురం క్యాంపస్