నాడి కలిసింది, మరి నెత్తురు?

అనుమసముద్రంపేట దర్గాకు ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి హిందువులూ ముస్లింలూ వస్తారు. జబ్బు నయం కావాలని అక్కడే నిద్ర చేసేవాళ్లూ ఉన్నారు. తాయెత్తు కట్టాక బిడ్డకు నొప్పులు తగ్గాయని ఒక తల్లి చెబితే ఆమె అబద్ధమాడుతోందని నేననను. సికిల్ సెల్ జబ్బు తీరే అంత. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకలు పిండేసినట్టు నొప్పి పుడుతుంది, కొన్నాళ్లకు చాలాసార్లు దానంతటదే సద్దుమణుగుతుంది. ఆ రోజుల్లో ఏ మొక్కు మొక్కితే పేరు దానికే. నొప్పి తిరగబెడితే మాత్రం మొక్కు సరిగా తీర్చలేదని నింద తల్లి మీద పడుతుంది. ఇంత అన్యాయమైన లెక్కలో నమ్మకం ఎప్పటికీ ఓడదు. ఇలాగే వంశంలో వచ్చే మరో నెత్తురు జబ్బు తలసేమియా మేజర్ దగ్గర ఆ లెక్క కూడా సాగదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే ఆ బిడ్డ బతకదు.

ఈ జబ్బులు శాపమూ కాదు, గాలి సోకడమూ కాదు. సికిల్ సెల్‌కు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. ఆ అణువులో తేడాకు కారణం ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమని కొన్నేళ్లకే వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. లోపమున్న జన్యువు ఒకరి నుంచే వస్తే మనిషి మామూలుగా బతికేస్తాడు. తల్లిదండ్రులిద్దరిలోనూ అది ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు. పెళ్లికి మనం చూసే జాతక పొంతన 36 గుణాల్లో 8 నాడికే ఇచ్చింది, సంతానం బాగుండాలనే. ప్రశ్న మంచిదే. జవాబు వెతికిన చోటే తప్పు. నాడిని తేల్చేది జన్మ నక్షత్రం. ఒకే కాన్పులో, ఒకే నక్షత్రంలో పుట్టిన అన్నాచెల్లెళ్లలో ఒకరికి ఈ లోపం వచ్చి రెండోవారికి రాకపోవచ్చు. వాళ్ల నాడి మాత్రం ఒక్కటే.

తరాలుగా మేనరికాలు చేసుకుంటున్నాం, ఏమైంది అంటారు. ఏమీ కాని ఇళ్లే ఎక్కువ, నిజమే. కానీ బావామరదళ్లకు జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు ఉమ్మడి. తాత దగ్గర దాగిన లోపం మనవడిలోనూ మనవరాలిలోనూ దిగి ఒకే పీటల మీద కలుసుకునే అవకాశం అక్కడే పెరుగుతుంది. బయటి సంబంధమైనా భరోసా లేదు. పరీక్ష ఒక్కటే చెప్పగలదు.

అసలైన అభ్యంతరం వేరు: లోపముందని తెలిస్తే ఆడపిల్లకు పెళ్లవుతుందా? ఈ భయాన్ని కొట్టిపారేయలేం. గ్రీస్‌లోని ఒర్ఖొమెనోస్‌లో సికిల్ పరీక్షలు చేశాక, లోపమున్న జన్యువు ఉన్నవాళ్లు ఊళ్లో చులకనై ఫలితాలు దాచుకున్నారు. సైప్రస్ మరో దారి పట్టింది. అక్కడి చర్చి పెళ్లికి ముందు తలసేమియా పరీక్ష చేయించుకున్నట్టు పత్రం అడుగుతుంది, ఫలితం అడగదు, పెళ్లి ఆపదు. అక్కడ తలసేమియా బిడ్డల పుట్టుక దాదాపు ఆగిపోయింది. మన పురోహితుడూ ఖాజీ పాస్టరూ ఆ పత్రం అడగవచ్చు. పరీక్ష ముందు అబ్బాయికి చేయించాలి. సికిల్‌నూ తలసేమియానూ పట్టే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో అతనికి ఏ లోపమూ లేదని డాక్టరు చెబితే, ఈ జబ్బుల కోసం అమ్మాయి నెత్తురు ఎవరూ అడగనక్కర్లేదు.