కరెంటు పోయి వస్తే మీ గ్రైండరు ఏం చేస్తుంది?

గ్రైండరు కొంటున్నానని ఇంట్లో చెబితే మా ఆవిడ "ఉన్నదానికేమొచ్చింది? నిన్ననే కదా దోశల పిండి రుబ్బాను" అంది. ఇది ఆ గ్రైండరు కాదండీ బాబూ. ఇనుము కోసేది, వెల్డింగు అతుకులు అరగదీసేది, చుట్టూ నిప్పురవ్వలు చిమ్మేది. హార్డ్‌వేర్ షాపులో ఏజీ ఫోర్ అంటారు. మా ఊళ్ళో కటింగ్ మిషన్ అంటారు. జర్మన్లయితే 1954లో దీన్ని తెచ్చిన ఫ్లెక్స్ కంపెనీ పేరునే క్రియాపదం చేసేసుకున్నారు.

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనానికి సొంత చేతులతో ఏదైనా చెయ్యాలన్న సరదా పట్టుకుంది. బాల్కనీలో ఓ బల్ల, గోడకి నాలుగు స్పానర్లు, శనివారం పొద్దున్నే డ్రిల్లింగు మోత, కింద ఫ్లాటు వాళ్ళ శాపనార్థాలు. మంచిదే. నేనూ ఆ బాపతే. నా గొడవ సరదాతో కాదు, మనం కొనే పద్ధతితో. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర ఒకతను తన ఎక్సెల్ షీటు చూపించాడు. పదకొండు మోడళ్ళు, వాటి పక్కన వాట్లు, ఆర్పీఎమ్, బరువు, వారంటీ, ఎన్ని చుక్కల రేటింగు, ధర. ఎనిమిదొందల యాభై వాట్లా, వెయ్యి వాట్లా అని అరగంట చర్చ. ఆ వాట్లు మిషన్ కరెంటు దగ్గర లాక్కునేవి, వీలు దగ్గరికి చేరేవి కావు అని ఒక్కడికీ పట్టలేదు. అంతకంటే ముఖ్యమైన కాలమ్ ఒకటి ఆ షీటులో అసలే లేదు. కరెంటు పోయి మళ్ళీ వస్తే ఇది ఏం చేస్తుంది?

నాకూ ఆ ప్రశ్న తట్టేది కాదు. మూడేళ్ళ క్రితం సంక్రాంతికి తెనాలి దగ్గర మా బాబాయి వెల్డింగు షాపులో తట్టింది. గేటు కోసం యాంగిల్ ముక్కలు కోస్తున్నాను. మధ్యలో కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది కదా అని బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాను. దాని స్విచ్చి ముందుకి తోస్తే అక్కడే లాకై కూర్చునే రకం. చీకట్లో ఆ సంగతి ఎవడికి గుర్తుంటుంది? షాపులో పనిచేసే కుర్రాడు కోసిన ముక్కలు ఏరడానికి వంగాడు. కరెంటొచ్చింది. మిషన్ బల్ల మీద గింగిరాలు తిరిగి కింద పడి వాడి పాదం పక్కనుంచి దూసుకుపోయింది. చెప్పు అంచు తెగింది, కాలు తెగలేదు. మధ్యలో అంగుళం కూడా లేదు.

నాలుగంగుళాల వీలు నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకి రెండొందల కిలోమీటర్ల పైమాటే. లెక్క వేసుకోండి, పదో తరగతి లెక్కే.

బాబాయి నన్ను చెడామడా తిట్టాడు. "స్విచ్చి ఆపకుండా, ప్లగ్గు పీకకుండా ఎలా వెళ్ళావురా?" తప్పు నాదే, కాదనను. కానీ మనలో మన మాట, మనం చేసే ఉద్యోగంలో ఇలాంటి తప్పుని ఎలా చూస్తాం? ఒక మనిషి మర్చిపోతే డేటాబేస్ మొత్తం ఎగిరిపోయేలా ఉంటే "జాగ్రత్తగా ఉండండి" అని మెయిల్ పెట్టి ఊరుకుంటామా? మర్చిపోయినా కొంప మునగకుండా డిజైన్ మార్చమని రివ్యూలో పీకల మీద కూర్చుంటాం. అదే మనిషి ఇనప మిషన్ కొనేటప్పుడు చుక్కలు లెక్కపెడతాడేం?

మన ప్రపంచంలో కరెంటు పోయి వస్తే సర్వరు దానంతటదే లేవాలి. లేవకపోతే అర్ధరాత్రి ఫోన్లు. గ్రైండరు విషయంలో సరిగ్గా అదే గుణం ప్రాణాంతకం. అది లేవకూడదు. మళ్ళీ ఒక చెయ్యి దాన్ని పట్టుకుని, స్విచ్చి వెనక్కి లాగి, కొత్తగా వేస్తేనే తిరగాలి. దీన్ని పెట్టె మీద రీస్టార్ట్ ప్రొటెక్షన్ అని రాస్తారు. ఇంకో దారి, పట్టుకున్నంతసేపే తిరిగి, వదిలితే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్చి. అందులోనూ లాకు బొత్తాం ఉన్న రకాలున్నాయి, లేనిదే అడగండి. బ్యాటరీదయితే కరెంటుతో పేచీ లేదు, కాకపోతే స్విచ్చి ఆన్‌లో ఉండగా బ్యాటరీ గుచ్చితే తిరుగుతుందా లేదా చూసుకోవాలి.

"ఇప్పుడు పవర్ కట్లు ఎక్కడున్నాయి, ఇది 2012 కాదు" అన్నాడు మన ఎక్సెల్ షీటాయన. అయ్యా, మీ గేటెడ్ కమ్యూనిటీలోనే ఉన్నాయి. లైన్లో కరెంటు పోయిన కొద్ది సెకన్లకి జనరేటర్ అందుకుంటుంది చూడండి, ఆ కొద్ది సెకన్లే అసలు గండం. మిషన్ కింద పెట్టడానికి సరిపోయేంత టైము, స్విచ్చి సంగతి గుర్తొచ్చేంత టైము కాదు.

ప్యాడిల్‌తో చెయ్యి నొప్పెడుతుందన్న మాట మాత్రం నిజం. రోజుకి ఆరు గంటలు అతుకులు అరగదీసేవాడికి లాకయ్యే స్విచ్చి సుఖం. అలాంటివాళ్ళకి రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉన్న లాకు స్విచ్చి సరైనది. వారానికి గంట వాడే మనకి ఆ సాకు లేదు.

ఇక గార్డు. "మా మేస్త్రి ఇరవయ్యేళ్ళుగా గార్డు లేకుండానే వాడుతున్నాడు, ఏమైంది?" అంటారు. ఏమీ కానివాడే కదా ఇంకా మీ సైటు మీద పనిచేస్తున్నాడు! వేళ్ళు పోగొట్టుకున్నవాడు ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో కుర్చీలో ఉంటాడు. మీ శాంపిల్‌లోకి రాడు. గార్డు అడ్డమొచ్చి గీత కనపడదన్నది ఒప్పుకుంటాను. తిప్పి పెట్టుకోవడానికి వీలుగా, పానా అక్కర్లేకుండా జరిగే గార్డున్న మిషన్ కొనండి. పీకాలనిపించని గార్డు కూడా కొనేటప్పుడు చూసుకోవలసిన ఫీచరే.

గార్డు ఎందుకు పీకుతారో కూడా తెలుసు. అందులో పట్టని పెద్ద వీలు బిగించడానికో, చెక్క కోసే పళ్ళ బ్లేడు వెయ్యడానికో. ఆన్‌లైన్‌లో గ్రైండరుకని చెప్పి ఆ పళ్ళ బ్లేళ్ళు అమ్ముతూనే ఉన్నారు. గ్రైండరుతో వచ్చే మాన్యువల్ మాత్రం పళ్ళ బ్లేడు వెయ్యొద్దని చెబుతుంది. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషన్ మీ మీదకే ఎగురుతుంది. మాన్యువల్ చదవకపోవడం మన జాతి లక్షణం, మన కస్టమర్లనే తిడుతుంటాం గానీ :) మామూలు కటింగ్ వీళ్ళ మీద గరిష్ఠ వేగం అచ్చేసి ఉంటుంది. మిషన్ ఆర్పీఎమ్ దాన్ని దాటకూడదు. మధ్యలో ఉన్న రేకు చుట్టు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, మందుబిళ్ళల్లాగే.

పోయిన నెల బాబాయి కొత్త మిషన్ కొంటానంటే విజయవాడ తీసుకెళ్ళాను. షాపాయన వెయ్యి వాట్లంటూ మొదలుపెట్టాడు. వీలు లేకుండా బిగించి, స్విచ్చి లాకుచేసి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టమన్నాను. నాకేసి అదోలా చూశాడు. మొదటిది పెట్టగానే గుర్రుమంది. రెండోదీ అంతే. మూడోది కిమ్మనలేదు. పాడైందనుకుని షాపాయన దాన్ని పక్కన పెట్టబోయాడు.

"అదే కావాలి" అన్నాడు బాబాయి. రెండు వేల చిల్లర ఎక్కువ చెప్పారు. చిల్లర తగ్గించేదాకా కదల్లేదు.