వేసవి సెలవులు – మన సముద్రనగరం

వార్షిక పరీక్షల చివరిరోజున మన కళాశాల ఆవరణలో ఎటు వెళ్లినా వినిపించే ప్రశ్న ఒక్కటే: “ఈ సెలవులకు ఎక్కడికి?” సమాధానం కూడ దాదాపు ఒక్కటే: “విశాఖపట్నం.” సముద్రతీరాన ఉన్న మహానగరం చూడాలనీ, రామకృష్ణా బీచిలో సాయంకాలం తిరగాలనీ, కైలాసగిరి ఎక్కాలనీ, ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చిన ‘కురుసుర’ జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడాలనీ మన విద్యార్థులు ఉవ్విళ్లూరుతారు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. చదివిన రెండేళ్లూ నేను ఆ నగరంలోనే గడిపాను. రేవుకు దగ్గరగా మూడు కొండలమీద చర్చి, ఇస్‌హాక్ మదీనా దర్గా, వేంకటేశ్వరాలయం ఒకదానినొకటి పలకరిస్తున్నట్లు నిలిచి ఉండే దృశ్యం నేటికీ నా కన్నుల ముందు మెదలుతుంది. వెళ్లగలిగినవారు తప్పక వెళ్లి చూడవలసిన ఊరు అది.

కాని ఆ ఊరే నాకు ఒక పాఠం నేర్పింది. ఒకనాటి సాయంకాలం వసతిగృహంలో శ్రీకాకుళం మిత్రుడొకడు, “మీది బందరు గదా! నేను సెలవులకు వస్తే ఏమేమి చూపిస్తావు?” అని అడిగాడు. నేను కాసేపు ఆలోచించి, “లడ్డు తినిపిస్తాను” అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం సిగ్గుతో నిద్ర పట్టలేదు. ఇరవైయేళ్లు ఉన్న ఊరిని గురించి ఒక మిఠాయి పేరు తప్ప మరొక మాట చెప్పలేకపోయిన నేను, పరాయి ఊరి కొండలన్నీ లెక్కపెట్టి చెప్పగలిగే స్థితిలో ఉన్నాను.

తరువాత గ్రంథాలయంలో వెదుక్కొని చదివినప్పుడు తెలిసింది: మూడువందల యాభై ఏళ్ల క్రితం ఎవరినైనా తూర్పుతీరంలో మహానగరం ఏది అని అడిగితే వారు చెప్పే పేర్లలో మన ఊరి పేరు ముందుండేది. గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు మచిలీపట్నం. 1605–06 ప్రాంతంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ తరువాత ఫ్రెంచివారు ఇక్కడ వర్తకస్థానాలు నెలకొల్పుకున్నారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో పారశీక దేశపు బందర్ అబ్బాస్ రేవు నుంచి గోల్కొండ సుల్తానుగారి ఓడలోనే ఇక్కడికి వచ్చాడు. ఏటేటా ఆ ఓడ మన అద్దకపు బట్టలను పారశీకానికి మోసుకొనిపోయేదని వ్రాశాడు. ఎర్రసముద్రం వైపు సాగే సుల్తానుల ఓడలలో హజ్ యాత్రికులు ప్రయాణించేవారు. ‘బందరు’ అన్న మాట పారశీకం. రేవు అని దాని అర్థం. ‘పట్నం’ మన మాట. ‘మచిలీ’ అంటే చేప అని కొందరు, ప్రాచీన యవన గ్రంథాలలోని ‘మైసోలియా’ అని మరికొందరు అంటారు. ఒక ఊరి పేరులోనే ఇన్ని భాషలు కలిసి కాపురం చేస్తున్నవి. ఉర్దూ, తెలుగు రెండు భాషలలో వెలువడే ఈ సంచికకు ఇంతకంటె తగిన ఊరు మరొకటి ఉంటుందా?

కనుక నా అభిప్రాయం సూటిగా మనవి చేస్తాను. వేసవి సెలవులలో సముద్రనగరం చూడదలచిన మన విద్యార్థి మొట్టమొదట తన సముద్రనగరాన్ని చూడాలి. కేవలం చూడటంతో సరిపుచ్చక, దానిని గురించి తెలిసిన వృద్ధులు జీవించి ఉండగానే వారివద్ద కూర్చుని విని, వ్రాసి పెట్టాలి. చూడటం వచ్చే ఏటికి వాయిదా వేసినా ఫరవాలేదు. వినడం వాయిదా వేయడానికి వీలులేదు.

మన ప్రాంతపు ఎండ సంగతి అందరికీ తెలిసినదే. అందుచేత దినచర్యను ఎండనుబట్టి అమర్చుకోవాలి. ఉదయం ఎనిమిది గంటలలోపు తిరగవచ్చు. మధ్యాహ్నం నీడపట్టున కూర్చోవాలి. సాయంకాలం సముద్రపు గాలి తిరిగిన తరువాత మంగినపూడి తీరానికి పోవచ్చు. అక్కడ కూడ నీరు లోతు లేదుగదా అని ధీమాగా లోపలికి పోరాదని తమ్ముళ్లను హెచ్చరిస్తున్నాను.

ఉదయపు వేళకు తగినవి బందరుకోట, డచ్చివారి శ్మశానవాటిక. కోటలో ఆయుధాగారపు శిథిలాలు మిగిలాయి. 1759లో ఫ్రెంచివారి చేతినుంచి ఇంగ్లీషువారు ఈ కోటను గెలుచుకోవడంతో కోస్తా ఆంధ్రదేశపు చరిత్ర గతి మారిపోయింది. శ్మశానవాటికలో పదిహేడవ శతాబ్దపు సమాధి ఫలకాలమీద కులచిహ్నాలు, లాటిన్, డచ్చి లిపులు చెక్కి ఉన్నవి. సంపాదనకోసం వేలమైళ్లు దాటి వచ్చి మన మట్టిలో కలిసిపోయినవారు వారు. గల్ఫు దేశాలకు పోయే మన సోదరులను తలచుకుంటే ఆ రాళ్లు మనకు అంత పరాయివిగా కనిపించవు.

మరొక ఉదయం పెడనకు కేటాయించండి. అద్దకం పనివారి బల్లల పక్కన నిలబడి చూడండి. కరక్కాయ రసంలో, గేదెపాలలో గుడ్డను నానబెట్టి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుమును, బెల్లాన్ని నీటిలో పులియబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు కావలసినచోట పటికనీటితో అచ్చు వేస్తారు. తరువాత వేళ్లు, చెక్కల నుంచి తీసిన ఎర్రరంగులో గుడ్డను ఉడికించినప్పుడు పటిక అంటిన చోటనే ఎరుపు నిలిచి, మిగిలినచోట జారిపోతుంది. రసాయనశాస్త్ర విద్యార్థికి ఇంతకుమించిన ప్రయోగశాల ఏది? టావెర్నియే వచ్చిన ఓడ మోసిన సరుకు సంతతి ఇదే. ఇంతటి విద్యకు నేడు తెర అచ్చులు, కృత్రిమ రంగులు పోటీగా నిలిచాయి. పనివాని కొడుకు వేరే పని వెదుక్కుంటున్నాడు. చెక్క అచ్చు చెక్కే చేయి ఆగిపోతే ఆ నమూనా పేరు చెప్పేవారు కూడ ఉండరు.

రెండు మూడు రోజులు వెచ్చించగలవారు ఇంకొంచెం దూరం పోవచ్చు. గుడివాడ అనగానే మనకు రైల్వే జంక్షనో, సినిమా నటులో గుర్తుకు వస్తారు. కాని అలెగ్జాండర్ రీ 1894లో ప్రచురించిన గ్రంథంలో భట్టిప్రోలు, ఘంటసాలలతోబాటు గుడివాడ బౌద్ధస్తూపాన్ని కూడ వర్ణించాడు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి దారి పట్టితే కూచిపూడి వస్తుంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్‌హసన్ తానీషా ఆ గ్రామంలో భాగవతుల ప్రదర్శన చూచి సంతసించి ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. దాని సమీపాననే పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ. ఆ పైన ఘంటసాల, గ్రీకు భూగోళకర్త టాలెమీ పేర్కొన్న వర్తకస్థానం అదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఒక్క బస్సు ప్రయాణంలో బౌద్ధుల స్తూపం, సుల్తాను దానం, క్షేత్రయ్య పదం ఎదురవుతాయి. మనమంతా ఒకరికొకరం ఏమవుతామో సభలలో ఉపన్యసించడంకంటె ఈ ప్రయాణం బాగా బోధిస్తుంది.

ఇక మధ్యాహ్నాలు. అసలు పని మధ్యాహ్నానిదే. భోజనాలైన తరువాత ఇంటి వసారాలో పెద్దవాళ్లు నడుము వాలుస్తారు. నిద్ర పట్టేలోగా ఏదో మాట వస్తుంది. ఆ మాటను పట్టుకోవాలి.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచివేసింది. పదివేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి పేర్లు ఆనాడు దేశమంతటా వినిపించాయి. అంతకుముందు 1864 నవంబరు 1 రాత్రి ఇటువంటి ఉప్పెనే బందరును ముంచింది. మృతులు ముప్పైవేలని అంచనా. ఆ తరువాత కొద్దికాలానికే కోటలోని సైన్యాన్ని కూడ తరలించారు. ఆ రాత్రిని కన్నులారా చూచిన సామాన్యుడు ఏమి చెప్పాడో మన ఇండ్లలో ఎవరికీ తెలియదు. అధికారుల నివేదికలు మిగిలాయి. అవ్వ మాట మిగలలేదు. 1977 విషయంలో కూడ అదే జరుగబోతున్నది. ఆనాటి పదేళ్ల పిల్లలు నేడు అరవైకి చేరువలో ఉన్నారు. ఆనాడు ముప్పైయేళ్ల గృహస్థులుగా ఉండి, చెట్టు కొమ్మ పట్టుకొని తెల్లవార్లూ బిడ్డను చంకన మోసినవారు ఎనభైకి దగ్గరపడ్డారు.

ఈ మాట నేను పుస్తకం చూచి వ్రాయడం లేదు. మా దాదీమాది దివిసీమ. ఆమె ఆ రాత్రిని చూచిన మనిషి. నా చిన్నతనంలో గాలి గట్టిగా వీచినప్పుడల్లా లేచి కూర్చుని, తలుపు గొళ్లెం రెండుసార్లు చూచి వచ్చేది. ఎందుకని అడిగితే, “సెలవులకు తీరిగ్గా రా బేటా, అంతా చెబుతాను” అనేది. ఎం.ఏ. మొదటి సంవత్సరం సెలవులలో వ్రాసుకోవాలని నోటుపుస్తకం కూడ కొన్నాను. అంతలో మిత్రులు అరకు ప్రయాణం పెట్టారు. దాదీమా ఎక్కడికి పోతుందిలే అనుకొని వారితో వెళ్లాను. మరుసటి వేసవికి ఆమె లేదు. ఆ నోటుపుస్తకం మొదటి పుటలో ఆమె పేరు, ఊరి పేరు మాత్రం ఉన్నవి. మిగిలిన పుటలు నేటికీ తెల్లగానే ఉన్నవి. ఆమె గొళ్లెం ఎందుకు రెండుసార్లు చూచేదో, ఆ రాత్రి ఏ తలుపు తెరుచుకుందో, ఎవరిని పోగొట్టుకుందో ఇక నాకు చెప్పగలిగినవారు లేరు. అరకు లోయ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉన్నది.

ఇందుకు కొందరు ఆక్షేపణ చెప్పవచ్చు. ఏడాదంతా చదివిన పిల్లలకు విశ్రాంతి అక్కరలేదా అని అడగవచ్చు. రోజుకు ఒక గంట పెద్దలవద్ద కూర్చుంటే విశ్రాంతికి భంగం కలుగదు. సెలవులలో పనికి పోక తప్పని పిల్లలు మనలో ఎందరో ఉన్నారు, వారి మాట ఏమిటని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. చిలకలపూడి గిల్టునగల కార్ఖానాలోనో, దర్జీ దుకాణంలోనో, రొయ్యల చెరువు మీదనో పనిచేసే విద్యార్థి ఆ పని పద్ధతిని, పనిముట్ల పేర్లను, మేస్త్రీ చెప్పిన మాటలను వ్రాసి తెస్తే అంతకంటె విలువైన వ్యాసం ఉండదు. ఇక మా విద్యార్థినులను దూరప్రయాణాలకు పంపడానికి కొన్ని ఇళ్లలో జంకుతారు. వినే పనికి గడప దాటనక్కరలేదు. నానీమా, అత్తయ్య, పక్కింటి అమ్మమ్మగారు చెప్పే సంగతులు మగపిల్లలకంటె వారికే ఎక్కువ అందుతాయి.

మరొక విషయం. మన ఇండ్లలో పాత పెట్టెల అడుగున ఉర్దూలో వ్రాసిన ఉత్తరాలు, నికానామాలు, దుకాణపు లెక్కలు ఉన్నవి. వాటిని చదవగల తాతగారు చూపు తగ్గి కూర్చున్నారు. చూపున్న మనుమడికి లిపి రాదు. మన ఉర్దూ శాఖ విద్యార్థి చదివి వినిపించి, తెలుగు శాఖ విద్యార్థి దాని సారాంశం వ్రాస్తే రెండు శాఖలకూ మేలు. ఆ కాగితాలు చెదలకు పోకముందే ఈ పని జరగాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నది. భవనం అడగడం లేదు. సెలవులకు ముందు ఆసక్తిగల ప్రతి విద్యార్థికి ఒక నోటుపుస్తకం, అడగవలసిన పది ప్రశ్నల పట్టిక ఇప్పించండి. పెడన, గుడివాడ, ఘంటసాల, నాగాయలంకలకు పోయివచ్చేందుకు బీద విద్యార్థులకు బస్సు ఛార్జీలు మంజూరు చేయండి. చెప్పేవారి అనుమతితో వారి కంఠాన్ని నేటి సెల్‌ఫోనులోనే భద్రపరచవచ్చు. గ్రంథాలయంలో ఒక బీరువా, దానికి బాధ్యుడైన ఒక అధ్యాపకుడు, ఈ సంచికలో ఏటా కొన్ని పుటలు ఉంటే చాలు. ఆ బాధ్యత స్వీకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఈ ఊరు పెద్ద పనులు ఎరుగనిది కాదు. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది ఇక్కడనే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఇక్కడనే. ఆ పత్రిక కాలగతిలో వెనుకబడింది, ఆ బ్యాంకు 2020లో మరొక బ్యాంకులో విలీనమైంది. 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. రేపు మళ్లీ ఓడలు వస్తే మంచిదే. ఓడ దిగిన పరదేశి మన విద్యార్థిని చూచి, “ఇది ఏ ఊరు?” అని అడిగినప్పుడు, లడ్డు చేతిలో పెట్టి ఊరుకోక, కూర్చోబెట్టి ఒక పూట కథ చెప్పగలగాలి.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! విశాఖకు తప్పక వెళ్లండి. కాని బస్సెక్కేముందు ఒక మధ్యాహ్నం మీ ఇంటి వసారాలో కూర్చోండి. నా నోటుపుస్తకంలో తెల్లగా మిగిలిన పుటలు మీ నోటుపుస్తకంలో మిగలకూడదని నా కోరిక.